చాయ్ గ్లాసుడు బుల్గుర్

ఆగస్టు 14

ఇవాళ కూడా మాడింది.

కింద మాడింది, పైన పచ్చిగా ఉంది, మధ్యలో జావ. ఒక్క గిన్నెలో మూడు రకాల దరిద్రం. గోధుమల్ని ఊళ్ళో ఆడవాళ్ళు ముందే ఉడికించి, మిద్దెల మీద ఎండబెట్టి, తిరగలిలో విసిరి పంపిస్తారు. బుల్గుర్ అంటే సగం పని అయిపోయిన సరుకు. మిగిలింది పావుగంట. నేను ఫ్యాక్టరీ బట్టలు మార్చుకుని వచ్చేలోపు సెనెం వండి పళ్ళెంలో పెట్టేసేది. మాది మూడో అంతస్తు. రెండో అంతస్తు మెట్ల దగ్గరికి రాగానే జీలకర్ర వాసన తగిలేది. రోజంతా తివాచీ నూగు పీల్చిన ముక్కు ఇది, దీనికి ఇంకేదీ తెలియదు, ఆ వాసన ఒక్కటే తెలిసేది.

ఆమె వెళ్ళి పద్దెనిమిది రోజులు.

జరిగింది ఒక్కసారి రాస్తాను. మళ్ళీ రాయను. ఓక్కేష్ మేస్త్రీని భోజనానికి పిలిచాను. నాకు పదిహేనేళ్ళప్పుడు మగ్గం నేర్పింది ఆయనే, వచ్చే నెల పని మానేస్తున్నాడు. ఆయనతోపాటు మేనేజరు నెజ్దెత్ గారిని కూడా పిలిచాను. మేస్త్రీ పోయాక మా వరస మగ్గాలకి కొత్త పెద్దని పెట్టేది ఆయనే. చుట్టాలొస్తే బియ్యం పిలావు, మనం మనం తింటే బుల్గుర్. ఇది మా ఆంతెప్ పట్నంలో చంటిపిల్లకి కూడా తెలుసు. నేను బియ్యమే వండమన్నాను. సెనెం బుల్గుర్ వండింది. నెజ్దెత్ గారు పళ్ళెంలోకి చూసి నవ్వాడు. నేను అనాల్సింది అన్నాను. తెల్లారి సంచి సర్దుకుని వాళ్ళ నాన్న ఊరికి వెళ్ళిపోయింది.

అంతే. ఈ పుస్తకం ఫ్యాక్టరీది, పోగులు తెగితే రాసుకోమని ఇచ్చారు. నేను ఇదే రాసుకుంటాను. ఏం చేస్తారో చేసుకోనీ.

ఆగస్టు 15

రొట్టె, టమాటా. నిలబడి తిన్నాను.

ఆగస్టు 17

ఎదురింటి మెయ్‌రెం అత్త తలుపు కొట్టింది. తియ్యలేదు. తలుపు అవతల నించే మొదలుపెట్టింది.

"ఒరేయ్ వక్కాసూ, నా పళ్ళెం మీ ఇంట్లోనే కాపురం పెట్టేసిందా?"

పది రోజుల కింద చిక్కుడుకాయ కూర పంపింది. తిన్నాను, పళ్ళెం కడిగాను, అక్కడే ఆగాను. పక్కింటి పళ్ళెం ఖాళీగా తిరిగి వెళ్ళకూడదు. ఏదో ఒకటి వేసి పంపాలి. సెనెం ఉంటే ఏదో వేసేది, నాకు తెలిసేది కూడా కాదు. నాలుగు అక్రోట్లు వేసి తలుపు సందులోంచి ఇచ్చాను.

"ఇవేంట్రా?"

"అక్రోట్లు."

"కళ్ళున్నాయి నాకు. పగలగొట్టే పని కూడా నాదేనా? పళ్ళుంటే నీకు వండి పంపుతానా, నేనే తినేదాన్ని."

"పొద్దున్నే గొడవ పెట్టకు అత్తా."

"సాయంత్రమైంది నాయనా. నీకు పొద్దూ లేదు, సాయంత్రమూ లేదు. వెళ్ళి పిల్లని తెచ్చుకో."

తలుపు వేసేశాను. తనే వెళ్ళింది, తనే వస్తుంది. నేనెందుకు వెళ్ళాలి?

ఆగస్టు 19

మేస్త్రీ ఇంకా ఉండగానే నన్ను వరసకి పెద్దని చేశారు. పన్నెండు మగ్గాలు నా కింద. నెజ్దెత్ గారు భుజం తట్టాడు. ఆ చెయ్యి పడిన చోటు సాయంత్రం దాకా దురద పెట్టింది.

ఓక్కేష్ మేస్త్రీ నాతో మాట్లాడటం లేదు. ఆ రాత్రి నించీ లేదు. పోగు తెగితే చెయ్యెత్తి చూపిస్తాడు, అంతే. పదకొండేళ్ళు "ఒరేయ్ గాడిదా" అని పిలిచిన మనిషి ఇప్పుడు "వక్కాస్ గారూ" అన్నాడు, అందరి ముందూ. ఆరో మగ్గం కుర్రాళ్ళు తలలు దించుకుని నవ్వారు. ముసలాడికి కుళ్ళు. తన చోటు నాకొచ్చిందని.

కుళ్ళే. ఇంకేముంటుంది?

ఆగస్టు 21

చాయ్ గ్లాసు కనపడటం లేదు. నడుము సన్నగా, అంచు బంగారు గీత అరిగిపోయిన గ్లాసు. దాంట్లో మేం చాయ్ తాగం, అది కొలతకి. గ్లాసుడు బుల్గుర్, దానికి తగ్గ నీళ్ళు. ఇల్లంతా వెతికాను. తీసుకెళ్ళిపోయింది.

చలికోటు మాత్రం తలుపు వెనక మేకుకే ఉంది. చలికోటు వదిలేసి గ్లాసు తీసుకెళ్ళే మనిషి ఏమనుకుని వెళ్ళినట్టు? చలి మొదలయ్యేలోపు వచ్చేస్తాననేగా.

మెయ్‌రెం అత్తకి ఈ మాట చెప్పాను. "ఊళ్ళో కోట్లుండవా ఏంట్రా?" అంది.

దానికి ఏం చెప్పినా చెడగొడుతుంది.

ఆగస్టు 24

ఆదివారం. మళ్ళీ వండాను. ఈసారి నీళ్ళ గ్లాసుతో కొలిచాను. జావ.

పిండి సంచి లాంటి గుడ్డ సంచి ఒకటి ఉంది, సెనెం వాళ్ళమ్మ పోయిన సంవత్సరం పంపింది. అడుగుకొచ్చింది. పిడికిలి పెట్టి చూశాను, నాలుగు పిడికిళ్ళుంటుంది. ఈ గింజలు సెనెం వాళ్ళ మిద్దె మీద ఎండినవి. తను పళ్ళకర్ర పట్టుకుని తిరగేసినవి. కొట్లో బుల్గుర్ దొరుకుతుంది, బస్తాలకి బస్తాలు దొరుకుతుంది. అది వేరే.

తను ఎలా చేసేదో గుర్తు తెచ్చుకుని రాస్తున్నాను. ఉల్లిపాయ సన్నగా తరిగి నూనెలో వేసేది. సేమ్యా ఒక గుప్పెడు, ఎర్రబడే దాకా. మిరప ముద్ద, టమాటా ముద్ద. తర్వాత బుల్గుర్ వేసి కలిపేది, గింజ గింజకీ నూనె అంటాలి. వేడినీళ్ళు, ఉప్పు, మూత. ఆఖర్న జీలకర్ర. నూనెలో వేసేది కాదు. అరచేతిలో పోసుకుని, ఇంకో అరచేత్తో నలిపి, గిన్నె మీద దులిపేది. దులిపి ఆ చెయ్యి నా ముక్కు దగ్గర పెట్టేది.

"ఏం వాసన చెప్పు?"

"నూగు."

"ఛీ, నీ ముక్కు తగలెయ్య."

రోజూ ఇదే అడిగేది, రోజూ ఇదే చెప్పేవాణ్ణి. ఒక్కసారైనా జీలకర్ర అని చెబితే నా సొమ్మేం పోయేది?

ఆ అరచెయ్యి మీద, బొటనవేలి కింద, చిన్న కాలిన మచ్చ ఉంటుంది. చెప్పకూడదు గానీ, ఇవాళ నేను నా చేతిలో జీలకర్ర నలుపుకుని వాసన చూసుకున్నాను. నా చెయ్యే వాసనొచ్చింది. మగ్గం నూనె.

ఆమెకి బియ్యమని చెప్పాను. చెప్పే ఉంటాను. చుట్టాలొస్తుంటే ఇంకేం చెబుతాను?

ఆగస్టు 27

మెయ్‌రెం అత్త నేరుగా వంటింట్లోకి వచ్చి ముక్కాలిపీట మీద కూర్చుంది. "మీ ఇంటి కమురు వాసన మా ఇంట్లో కూర్చుంది. ఇక నా వల్ల కాదు. వండు, నేను చూస్తా," అంది.

"నాకు వచ్చు."

"వచ్చు, వచ్చు. మంట తగ్గించు. నీ కోపమంత మంట పెడితే నూకలేం ఖర్మ, గిన్నె కూడా మాడుతుంది."

తగ్గించాను.

"ఏం గ్లాసుతో కొలిచావు?"

"గ్లాసు లేదు. తీసుకెళ్ళింది."

ముసలిది నా వైపు చూసి, నా చేతిలో నీళ్ళ గ్లాసు లాక్కుంది. కాఫీ కప్పుతో కొలిచి పోసింది. మూత పెట్టబోతే చేతి మీద కొట్టింది.

"గుడ్డేది?"

"ఏం గుడ్డ?"

"మూత కింద గుడ్డ వెయ్యరా మొద్దూ. ఆవిరి పైకెళ్ళి మూతకి తగిలి నీళ్ళై మళ్ళీ గింజల మీదే పడుతుంది. అందుకే నీది జావ. గుడ్డ వేస్తే అది పీల్చుకుంటుంది. పొయ్యి ఆపి, గుడ్డ వేసి, మూత పెట్టి, పది నిమిషాలు నోరు మూసుకుని కూర్చోవాలి. అదే నీకు రాదు."

పది నిమిషాలు కూర్చున్నాం. మూత తీస్తే గింజ గింజా విడివిడిగా నిలబడింది. అత్త ఒక చెంచా తిని, "కుక్క కూడా కాదనదు," అంది. ఆమె నోట ఇంత మెచ్చుకోలు నేనెప్పుడూ వినలేదు.

వెళ్తూ అల్మారా మీద చూసింది. చిన్న రాగి గిన్నె, మూతతో. పండక్కి మా అత్తగారు ద్రాక్షాకుల్లో చుట్టిన డోల్మా పెట్టి పంపింది అందులో. సెనెం ఎన్నిసార్లు చెప్పిందో, ఏదైనా వేసి పంపాలి పంపాలి అని. అక్కడే ఉండిపోయింది.

"ఆ గిన్నె ఎవరిది?"

"వాళ్ళది."

"అయితే ఇంకా ఇక్కడ కూర్చున్నావేంట్రా?" అంది.

ఆగస్టు 28

బియ్యం వండమని నేను చెప్పలేదు.

రాశాను. చించెయ్యను.

మేస్త్రీ ఆ వారం మగ్గం దగ్గర నన్ను పిలిచి అన్నాడు: "వస్తాను గానీ ఒరేయ్, బియ్యం పెట్టొద్దు. మా ఆవిడ పోయి రెండేళ్ళు. హోటల్లో రోజూ ఆ తెల్లటి బియ్యమే. ఇంట్లో చేసిన బుల్గుర్ తిని రెండేళ్ళయింది. అమ్మాయిని అడుగు, శ్రమ కాకపోతేనే." ఇంటికొచ్చి సెనెంకి చెప్పాను, మేస్త్రీకి నీ బుల్గుర్ కావాలట అని. ఎంత సంతోషపడిందో. గింజల్ని రెండుసార్లు ఏరింది. మధ్యలో ఆగి అడిగింది కూడా, "మేనేజరు వస్తున్నాడుగా, ఆయనకి బియ్యం వండనా?" అని. నేను పెద్ద వీరుడిలాగా, "ఆయనా మనిషేగా, మనం తిన్నదే తింటాడు," అన్నాను. ఎన్ని పుస్తకాలు చదివాను నేను, పనివాళ్ళ గురించి, యజమానుల గురించి. చిల్లిగవ్వకి పనికిరాలేదు.

పళ్ళెం మధ్యలో పెట్టింది. నెజ్దెత్ గారు చూసి నవ్వాడు. "ఏం వక్కాస్, బియ్యం మీ ఇంటి గడప తొక్కదా?"

నా నోరు దానంతట అదే తెరుచుకుంది. "బియ్యమే వండమన్నానండీ. పల్లెటూరి మనిషి, చెబితే బుర్రకెక్కదు."

సెనెం చేతిలో నీళ్ళ జగ్గు ఉంది. నా వైపు చూడలేదు. మేస్త్రీ వైపు చూసింది. ఆయన సగం తిన్నాడు, ఇంకో చెంచా నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది. నేను పళ్ళెం ఎత్తేశాను, ఆయన ముందు నించి, చెంచా గాల్లో ఉండగానే. కిందికి పరిగెత్తి వీధి చివర హోటల్లో బియ్యం పిలావు తెచ్చాను. తిరిగొచ్చేసరికి మేస్త్రీ లేడు. నెజ్దెత్ గారు ఒక్కడే కూర్చుని తిన్నాడు. సెనెం నీళ్ళు పోసింది.

ఆ రాత్రి ఆమె ఒక్క మాట అంది. "వాళ్ళ ముందు అన్నావు." అంతే. తిట్టలేదు, ఏడవలేదు.

కుళ్ళట ముసలాడికి. కుళ్ళు.

ఆగస్టు 31

పొద్దున్నే సంచి దులిపి వండాను. ఆఖరి గింజ దాకా. రాగి గిన్నె నిండింది, తువ్వాల్లో కట్టాను. వాళ్ళ గిన్నె, ఖాళీగా పంపకూడదు. తలుపు కొట్టడానికి నాకున్న హక్కు అదొక్కటే.

దెర్విష్ వ్యాను ఎక్కాను. పొద్దున మా ఫ్యాక్టరీకి పనివాళ్ళని మోస్తాడు, మధ్యాహ్నం సెనెం వాళ్ళ ఊరి దారి తిరుగుతాడు. గిన్నె ఒళ్ళో పెట్టుకుంటే అద్దంలో చూసి పళ్ళికిలించాడు.

"ఒళ్ళో అది బిడ్డేనా, వక్కాస్? కాన్పు ఎప్పుడైంది?"

"దారి చూసి తోలు."

"నేను దారే చూస్తున్నాను. నువ్వే ఆలస్యంగా చూశావు."

ఊరికి చేరేసరికి ఆ రోజే గోధుమలు ఉడికిస్తున్నారు. నాకు తెలియదు. వాకిట్లో మనిషెత్తు కాగు, కింద మంట, వీధంతా పొగ. పది పన్నెండు మంది ఆడవాళ్ళు, పిల్లలు గిన్నెల్లో ఉడికిన గోధుమలు తింటున్నారు. మా అత్తగారు తెడ్డు పట్టుకుని కాగు పక్కన నిలబడింది. అందరూ నన్ను చూసి ఆగారు.

"ఏముంది దాంట్లో?" అంది అత్తగారు.

"బుల్గుర్."

నవ్వు మొదలైంది. "ఓయమ్మో, ఈ ఊరికి బుల్గుర్ మోసుకొచ్చాడే అల్లుడు! మన కాగు చాలదని!" ఒకావిడ నవ్వలేక నేల మీద కూర్చుండిపోయింది. వెనక్కి తిరిగి పోదామనుకున్నాను. పాత నేనైతే పోయేవాణ్ణి, గిన్నె విసిరికొట్టి మరీ.

"వండిందెవరు?" అంది అత్తగారు.

"నేనే."

నవ్వు ఆగింది. ఆమె మూత తీసింది, చూసింది, మూత పెట్టింది. "సెనెం పైనుంది," అంది. వెళ్ళమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

మిద్దె మీద తడి గోధుమలు పరిచి ఉన్నాయి. సెనెం నా వైపు వీపు పెట్టి పళ్ళకర్రతో లాగుతోంది. ఎర్ర తలగుడ్డ. కాస్త చిక్కింది. నిచ్చెన దగ్గర నిలబడ్డాను. చెప్పాల్సిన మాట వ్యానులో పదిసార్లు చెప్పుకున్నాను. కింద అంతమంది ఆడవాళ్ళు చెవులు ఇటే పెట్టారు. నా నోట్లోంచి ఏమొచ్చిందో తెలుసా?

"గిన్నె ఇచ్చిపోదామని వచ్చాను."

పళ్ళకర్ర చప్పుడు ఆగలేదు. తిరిగి నడిచాను. వాకిలి దాటుతుంటే ఆగింది. నేను కూడా ఆగాను, వెనక్కి చూడకుండా. మళ్ళీ మొదలైంది.

సెప్టెంబరు 1

వాళ్ళ గిన్నె వాళ్ళింటికి చేరింది. ఇక వాళ్ళకీ నాకూ మధ్య తిరగాల్సినది ఏమీ లేదు. సంచి కూడా ఖాళీ.

సెప్టెంబరు 2

కోటు వాసన చూశాను. ఉంది ఇంకా కొంచెం.

సెప్టెంబరు 5

మేస్త్రీ ఆఖరి రోజు. మగ్గాలు ఆపారు. ఆ హాల్లో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. చాయ్, బక్లావా మిఠాయి. నెజ్దెత్ గారు గోడ గడియారం ఇచ్చి, కంపెనీ ఒక కుటుంబం అని మొదలుపెట్టాడు. పొద్దున డ్యూటీ దిగినవాళ్ళు, ఎక్కేవాళ్ళు, గేటు మనిషి, దెర్విష్, అంతా ఉన్నారు. నూట యాభై మందికి తక్కువ లేరు.

నేను లేచాను. ఏం చెయ్యబోతున్నానో లేచాకే నాకు తెలిసింది.

"మేస్త్రీ, ఆ రోజు మా ఇంట్లో బుల్గుర్ వండమని చెప్పింది నేనే. మీరు అడిగారు, నేను చెప్పాను, నా భార్య వండింది. బియ్యం చెప్పానని ఈయన ముందు అబద్ధమాడాను. ఆమెకి బుర్రకెక్కదన్నాను. బుర్ర లేనిది నాకు."

నెజ్దెత్ గారు నవ్వబోయాడు. "ఇప్పుడిదంతా ఎందుకు వక్కాస్, కూర్చో."

"మీరు నవ్వారనే ఆ అబద్ధం పుట్టిందండీ. మీ నవ్వుకి నా ఇల్లు ఖాళీ అయింది. అయినా తప్పు మీది కాదు. మీ నవ్వు అంత విలువైందనుకున్నాను చూడండి, అది నా తప్పు."

ఎవరో చాయ్ గ్లాసు కింద పెట్టిన చప్పుడు. మేస్త్రీ గడియారం చంకలో పెట్టుకుని నా దగ్గరికొచ్చాడు. కొడతాడనుకున్నాను.

"ఒరేయ్ గాడిదా," అన్నాడు. "నేను సగమే తిన్నాను. నోటి దగ్గర చెంచా లాక్కున్నావు. మిగతా సగం ఎప్పుడు పెడతారు?"

పెడతారు అన్నాడు. ఇద్దరినీ కలిపి.

"తెలియదు మేస్త్రీ," అన్నాను.

సెప్టెంబరు 6

వరస పెద్దగా తీసేశారు. మళ్ళీ నా పాత నాలుగో మగ్గం. దాని దడదడ నాకు చంటప్పట్నించీ తెలిసినట్టుంది. తిట్టుకుందామని చూశాను, తిట్టు రాలేదు.

సెప్టెంబరు 9

ఏమీ లేదు. మెయ్‌రెం అత్త పళ్ళెం మళ్ళీ ఇక్కడే ఉంది.

సెప్టెంబరు 12

డ్యూటీ దిగి గేటు దాటుతుంటే దెర్విష్ హారన్ కొట్టాడు. ముందు సీటు మీద తువ్వాలు మూట. నా తువ్వాలు. లోపల రాగి గిన్నె.

చెయ్యి పెట్టడానికి భయమేసింది. మా వైపు ఎవరూ గిన్నె ఖాళీగా పంపరు, నిజమే. కానీ ఇది వాళ్ళ గిన్నె. నేను ఇచ్చేశాను. ఇది నాకు రావాల్సిన పని లేదు.

మూత తీశాను. కొత్త బుల్గుర్, పచ్చిది, అంచు దాకా. ఆ రోజు మిద్దె మీద తను లాగుతున్న గోధుమలే అయ్యుంటాయి. ఎండి, తిరగలి దాటి వచ్చాయి. మధ్యలో ఏదో గట్టిగా తగిలింది. వేళ్ళు పెట్టి తీశాను. చాయ్ గ్లాసు. అంచు గీత అరిగిపోయింది.

"నీళ్ళు ఎక్కువైనాయట," అన్నాడు దెర్విష్, స్టీరింగు వైపు చూస్తూ. "జీలకర్ర పర్లేదట."

"ఎవరన్నారు?"

"గిన్నె ఇచ్చినావిడ."

"మా అత్తగారా?"

"మీ అత్తగారికి అంత పొగరెక్కడిది?" అన్నాడు. మళ్ళీ తనే, "నువ్వు లేచి చెప్పింది నేను చెప్పానులే. ముందు నమ్మలేదు. ఎంతమంది ముందు అని అడిగింది. నూట యాభై అన్నాను. మళ్ళీ చెప్పించుకుంది," అన్నాడు.

గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఇంటి దాకా వచ్చాను.

సెప్టెంబరు 14

ఆదివారం, పొద్దున. పొయ్యి ఆపి, గుడ్డ వేసి, మూత పెట్టాను. పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో ఇది రాస్తున్నాను.

గ్లాసుతోనే కొలిచాను. నీళ్ళు తగ్గించాను. జీలకర్ర అరచేతిలో నలిపి, దులిపి, చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఈసారి మగ్గం నూనె కాదు.

గిన్నె మళ్ళీ నా దగ్గరుంది కాబట్టి మళ్ళీ నేనే తీసుకెళ్ళాలి. ఖాళీగా తీసుకెళ్ళకూడదు. వాకిట్లో ఎంతమందున్నా సరే, నిచ్చెన దగ్గర కాదు, మిద్దె ఎక్కి చెబుతాను. "బియ్యమని నేను చెప్పలేదు సెనెం. వాళ్ళ ముందు అన్నాను, వీళ్ళ ముందు ఒప్పుకుంటున్నాను." ఇంకా బాగా చెప్పడం నాకు రాదు. వస్తావా అని అడుగుతాను. రానంటే వచ్చే ఆదివారం గిన్నె తేవడానికి మళ్ళీ వెళ్తాను.

ఇందాక తలుపు తీసి పెట్టి, రెండో అంతస్తు దాకా దిగి నిలబడి చూశాను. అక్కడికి వాసన తగులుతోంది.

కింద దెర్విష్ హారన్ కొడుతున్నాడు. గ్లాసు గూట్లో పెట్టాను, దాని చోట. ఇంకో నెలలో చలి మొదలవుతుంది, కోటు తీసుకెళ్ళి ఇద్దామా అని చేతిలోకి తీసుకున్నాను. మళ్ళీ మేకుకే తగిలించాను. అది ఇక్కడే ఉండాలి.